బండికీ ఒక షజరా ఉంటుంది

మొన్నొక ఆదివారం, ఫజర్ చదువుకుని చాయ్ ముందు కూర్చున్నానో లేదో, వాకిట్లో హారన్ మోగింది. బయటికొచ్చి చూస్తే మా ఆపా కొడుకు. రాయదుర్గంలో సాఫ్ట్‌వేర్ నౌకరీ, కొండాపూర్‌లో అద్దె ఫ్లాట్. రోజూ మెట్రోలో, క్యాబ్‌లో తిరిగే పిల్లగాడు ఆ రోజు జీపులో వచ్చాడు. మిలటరీ పచ్చ రంగు, పైన కప్పు లేదు, ముందు అద్దం రెండు ముక్కలు, బానెట్ మీద తెల్లటి చుక్క.

"మామూ, 1944 విల్లీస్! రెండో ప్రపంచయుద్ధం నాటి బండి" అన్నాడు. ఈద్ చాంద్ కనిపించినంత ఖుషీ వాడి ముఖంలో.

ఎంతకు కొన్నావురా అంటే ఆరున్నర లక్షలన్నాడు. అందులో సగం అమ్మీ అబ్బాల ఉమ్రా కోసం జమ చేసిన పైసలు. కాగితాలు చూపించమన్నాను. ఆర్సీ తీసి ఇచ్చాడు. తయారైన సంవత్సరం 1989. తయారుచేసింది మహీంద్రా. ఇంధనం డీజిల్. మరి విల్లీస్ ఏది, 1944 ఏది అని అడిగితే, "అది పేపర్ వరకే మామూ, అందరూ ఇట్లనే నడుపుతారంట" అన్నాడు.

నాకు ఉర్దూ కాగితాలు, తెలుగు కాగితాలు చదవడం వచ్చు గాని బండిని చదవడం రాదు. అందుకని పాతబస్తీలో మాకు ముప్పై ఏళ్లుగా తెలిసిన ఒక ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఏమీ అడగలేదు. గోనెసంచి పరుచుకుని, టార్చిలైటు పట్టుకుని జీపు కిందికి దూరాడు. పావుగంట తర్వాత చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, హిసాబ్ చెప్పడం మొదలుపెట్టాడు.

యుద్ధకాలపు జీపు ముందు జాలీకి తొమ్మిది చీలికలుంటాయి, దీనికి ఏడే ఉన్నాయి. అప్పటి ఇంజన్ నాలుగు సిలిండర్ల పెట్రోలుది, 2.2 లీటర్లది. ఇందులో కూర్చోబెట్టింది మహీంద్రా ఎంఎం 540లో వచ్చే ప్యూజో రకం డీజిల్ ఇంజన్. గేర్‌బాక్సు ఇంకో బండిది. వెనక యాక్సిల్ మరో బండిది. తొట్టె మొత్తం కొత్త రేకు. విల్లీస్‌కి ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా 80 అంగుళాలు ఉండాలి. ఇక్కడా టేపు పెడితే సరిగ్గా అంతే వస్తుంది, కానీ పొడుగు చాసిస్‌ని మధ్యలో కోసి వెల్డింగ్ పెడితే వచ్చిన 80 అది. ఇక చాసిస్ నంబర్ దగ్గర అంకెలు ఒక వరుసలో లేవు, వాటి కింద గ్రైండర్ గీతలు కనిపిస్తున్నాయి.

చివరికి బీడీ ముట్టించి అన్నాడు: "మియాఁ, ఈ బండికి నలుగురు దాదాలున్నారు. బాప్ ఎవరో మాత్రం తెల్వదు."

మేమంతా నవ్వాం. మా భాంజా మాత్రం నవ్వలేదు.

ఆ రోజు నుంచి ఈ సంగతి నన్ను వదలడం లేదు. మన ఇళ్లలో రిష్తా చూడాలంటే ముందు షజరా అడుగుతాం. దాదా ఎవరు, నానా ఎవరు, ఏ ఊరు, ఏ మొహల్లా అని. ఆరున్నర లక్షల బండికి మాత్రం అమ్మేవాడి నోటి మాట చాలనుకుంటాం. ఇది మన గఫ్లత్. కానీ తప్పంతా కొన్నవాడిదేనని నేననను. మన దేశంలో చేత్తో కట్టిన బండికి నిజమైన షజరా రాసుకుందామన్నా దానికి కాగితం లేదు. నిజం చెప్పడానికి దారి లేని చోట అబద్ధమే దారి అవుతుంది. నేనివాళ చెప్పదలచుకున్నది ఇదే.

ముందు సంగతేమిటో సాఫ్‌గా చెప్పుకుందాం. ఒక పాత బండి నుంచి ఇంజన్, గేర్‌బాక్సు, యాక్సిళ్లు తీసి, వాటి చుట్టూ కొత్త ఫ్రేము, కొత్త బాడీ కట్టి తయారుచేసే కారును కిట్ కారు అంటారు. తన అవయవాలిచ్చిన పాత బండిని డోనర్ అంటారు. ఇంగ్లండులో ఇది పాత షౌక్. 1957లో వచ్చిన లోటస్ సెవెన్ అనే చిన్న కారును విడిభాగాలుగా కొనుక్కుని ఇంట్లో బిగించుకునేవాళ్లు. అట్లా కొంటే అప్పట్లో అక్కడి అమ్మకం పన్ను తప్పేది. మన దేశంలో అదే తరహా కారును అలీబాగ్‌లోని చింకారా మోటార్స్ చేసింది. అంబాసిడర్, కాంటెస్సాల్లో వాడిన 1.8 లీటర్ల ఇసుజు ఇంజన్‌తో వాళ్ల రోడ్‌స్టర్ వచ్చింది. చాలా కొద్ది బండ్లే రోడ్డెక్కాయి. చింకారా అంటే మన భాషలో ఒక జాతి జింక, పేరుకు తగ్గట్టే అది కనిపించడం అరుదు.

కార్ల సంగతి అట్లుంచితే, మన దగ్గర ఎక్కువగా కనిపించేవి ఈ జీపులే. హర్యానాలోని సిర్సా జిల్లాలో మండీ డబ్వాలీ, కాలాఁవాలీ అనే ఊళ్లున్నాయి. మిలటరీ వేలంలో వచ్చిన పాత సామాను, కొత్త రేకు బాడీలు కలిపి జీపులు కట్టడంలో ఆ ఊళ్లకు దేశమంతా పేరుంది. అట్లాంటి చోట్ల నుంచి లారీ ఎక్కి వచ్చిన జీపులు శని, ఆదివారాల్లో దుర్గం చెరువు వంతెన మీద, గచ్చిబౌలి నుంచి ఔటర్ వైపు కనిపిస్తుంటాయి. ఐటీ జీతం వచ్చే పిల్లలకు అది ఫ్యాషన్. బండి ఎవరిదో, ఏమిటో అడిగేవాళ్లు తక్కువ.

చేత్తో బండి కట్టడం మనకు కొత్త కాదు, చిన్నతనమూ కాదు. చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లినవాళ్లు అక్కడి పసుపు పచ్చ రోల్స్ రాయిస్‌ను చూసే ఉంటారు. 1912 నాటి బండి. ఆ కాలంలో రోల్స్ రాయిస్ కంపెనీ ఇంజన్‌తో సహా చాసిస్ ఇచ్చేది, పైన బాడీ వేరే కార్ఖానా కారీగర్లు కట్టేవాళ్లు. అంటే పాదుషాల బండ్లకు కూడా ఇద్దరు తయారీదార్లుండేవాళ్లు. ఎవరి పని ఏదో కాగితం మీద ఉండేది, దాంట్లో సిగ్గుపడే మాట లేదు.

జీపు కథ కూడా అంతే. 1945లో మహీంద్రా అండ్ మొహమ్మద్ పేరుతో ఒక కంపెనీ మొదలైంది. అందులో భాగస్వామి మాలిక్ గులామ్ మొహమ్మద్ విభజన తర్వాత పాకిస్తాన్ వెళ్లి ఆ దేశపు మొదటి ఆర్థికమంత్రి అయ్యారు. ఇక్కడ మిగిలిన మహీంద్రా సోదరులు 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అని మార్చుకున్నారు. వాళ్ల బండ్ల వ్యాపారం మొదలైంది దేనితో అనుకున్నారు? అమెరికా నుంచి విడిభాగాలుగా వచ్చిన విల్లీస్ జీపుల్ని బొంబాయిలో బిగించడంతో! ఇవాళ మనం చూసే థార్‌కి షజరా రాస్తే, మొదటి పేరు అక్కడ పెట్టెల్లో వచ్చిన ఆ జీపులదే.

ఇక మన బహదూర్‌పురాలో, జూ పార్కుకు దగ్గర్లో, సుధా కార్స్ మ్యూజియం ఉంది. కె. సుధాకర్ తుక్కు సామానుతో కట్టిన బండ్లవి. వంకాయ కారు, క్రికెట్ బంతి కారు, మహిళా దినోత్సవం కోసం చేసిన హైహీల్ చెప్పు కారు. పిల్లల్ని తీసుకెళ్తే గంటసేపు కదలరు. ప్రపంచంలోనే అతి పెద్ద మూడు చక్రాల సైకిల్ చేసి 2005లో గిన్నిస్ రికార్డు కూడా తెచ్చుకున్నారాయన. అవి బొమ్మలు కావు, ఇంజన్ పెట్టి నడిపే బండ్లు. ప్రదర్శన కోసం చేశారు గనుక వాటికి నంబర్ ప్లేటు సవాలే రాదు. కానీ అలాంటి హునర్ ఉన్న మనిషి రోజూ ఆఫీసుకు వెళ్లే బండి ఒకటి కట్టుకుంటే? అప్పుడు మొదలవుతుంది ముసీబత్.

ఖానూన్ ఏమంటుందో చూడండి. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 39 ప్రకారం రిజిస్ట్రేషన్ లేని బండి రోడ్డెక్కరాదు. రిజిస్ట్రేషన్ కావాలంటే ఫారం 22 కావాలి. బండి రోడ్డుకు పనికొస్తుందని తయారీదారు ఇచ్చే గవాహీ అది. ఆ తయారీదారు ముందే కేంద్ర నియమాల్లోని 126వ రూలు ప్రకారం తన మోడల్‌ని పుణేలోని ఏఆర్ఏఐ వంటి సంస్థలో పరీక్ష చేయించి ఉండాలి. లక్షల బండ్లు అమ్మే కంపెనీకి ఇది సరైన తరీఖానే. ఒక్క బండి కట్టుకున్నవాడి సంగతేమిటి? వాడి దగ్గరున్నది ఒకటే కారు. దాన్ని గోడకు గుద్ది, చూడండి గట్టిగా ఉంది అని చూపించాక, ఇక రిజిస్టర్ చేసుకోవడానికి ఏం మిగులుతుంది?

అయితే పాత బండినే మార్చుకుందామంటే సెక్షన్ 52 అడ్డం. తయారీదారు మొదట చెప్పిన వివరాలకూ ఆర్సీలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని ఆ సెక్షన్ మాట. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు, కేరళ నుంచి వచ్చిన కేసులో, దీన్నే ఖచ్చితంగా చెప్పింది. రంగు మార్చుకోవడం, చిన్నచిన్న సామాను బిగించుకోవడం వేరు, బండి అసలు ఆకారాన్ని మార్చడం వేరు అని తేల్చింది. అదే సంవత్సరం పార్లమెంటు చట్టాన్ని సవరించి సెక్షన్ 182-ఎ తెచ్చింది. అనుమతి లేకుండా బండిని మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జుర్మానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ.

మా భాంజా జీపులో ఇంజన్, గేర్‌బాక్సు, యాక్సిల్, చాసిస్, బాడీ అన్నీ లెక్కపెడితే జుర్మానా ఎంతవుతుందో మీరే హిసాబ్ వేసుకోండి. అది కూడా చిన్న విషయమే. రేపు ఆ బండి ఎవరినైనా గుద్దితే? థర్డ్ పార్టీ బీమా సెక్షన్ 146 ప్రకారం తప్పనిసరి. కానీ బీమా రాసింది 1989 మహీంద్రా మీద, రోడ్డు మీదున్నది ఇంకేదో. కంపెనీ ఆ మాటే పట్టుకుంటుంది. దెబ్బతిన్న కుటుంబానికీ నష్టం, మన కుటుంబానికీ నష్టం. ఇక చెక్కిన చాసిస్ నంబర్ మీద పోలీసులకు షక్ వస్తే అది జుర్మానాతో పోదు, దొంగ బండి కేసు అవుతుంది. అప్పుడు ముందుగా ఎవరిని పట్టుకుంటారు? అమ్మిన దలాల్‌ని కాదు. స్టీరింగ్ పట్టుకున్న పిల్లగాణ్ణి, లేదా ఆ బండికి నట్టు బిగించిన మన మొహల్లా మెకానిక్‌ని. పాతబస్తీలో ఉండే వాళ్లకు ఈ మాట నేను విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇక్కడ కొందరు పెద్దలు అడుగుతారు: "ఖానూన్ మంచిదే కదా, తుక్కు బండ్లు రోడ్డు మీద తిరిగితే జనం చావరా?" ఆ మాటలో నిజముంది. వెల్డింగ్ విరిగి చక్రం ఊడితే పోయేది నడిపేవాడి ప్రాణం ఒక్కటే కాదు. దొంగ బండ్ల చాసిస్‌లు కొత్త బాడీ తొడుక్కుని తిరగడమూ నిజమే. సుప్రీంకోర్టు చెప్పినదాంట్లో ఈ భయం ఉంది, అది జాయిజ్ భయం. నేను దాన్ని తీసిపారేయను. నా సవాలు వేరే. ఇంత గట్టి నిషేధం ఉన్నా ఈ జీపులు ఆగాయా? లేదు. ఆగింది ఒకటే, వాటి గురించి నిజం చెప్పడం. బండ్లు రోడ్డు మీదే ఉన్నాయి, కాగితాలే అబద్ధమయ్యాయి. పరీక్ష లేకుండా, లెక్క లేకుండా తిరుగుతున్నాయి. ఇదేనా రోడ్డు భద్రత?

2021 చివర్లో మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లా నుంచి దత్తాత్రేయ లోహార్ అనే కమ్మరి కథ దేశమంతా తిరిగింది గుర్తుందా? పెద్ద చదువు లేదు. తుక్కు సామాను పోగేసి, అరవై వేల రూపాయల ఖర్చుతో, కిక్ కొడితే స్టార్టయ్యే చిన్న నాలుగు చక్రాల బండి కట్టాడు. ఆనంద్ మహీంద్రా మెచ్చుకుని, ఇది నిబంధనలకు లోబడదు గనుక అధికారులు ఎప్పటికైనా ఆపేస్తారని చెప్పి, దాని బదులు కొత్త బొలెరో ఇచ్చారు. 2022 జనవరిలో ఆ కుటుంబం బొలెరో తీసుకుంది. ఆయన చేసింది మంచి పనే. కానీ నాకు ఆ కథ చివర్లో మనసు చివుక్కుమంది. ఇంత పెద్ద దేశంలో ఒక కారీగర్ హునర్‌కి ఉన్న ఒకే ఒక్క దారి, ఒక సేఠ్ దయ తలచడమేనా? ప్రతి లోహార్‌కీ ఒక మహీంద్రా దొరకడు కదా.

మన హైటెక్ సిటీని చూడండి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక ఇక్కడికి సాఫ్ట్‌వేర్‌తో పాటు బండ్ల ఇంజనీరింగ్ కూడా వచ్చింది. హ్యుందాయ్ ఇంజనీరింగ్ కేంద్రం హైదరాబాద్‌లో ఉంది, జర్మనీ జెడ్‌ఎఫ్ కంపెనీ టెక్నాలజీ కేంద్రం ఇక్కడుంది. ఎక్కడో ప్రపంచంలో నడిచే కారుకు బ్రేకు ఎట్లా పడాలో, తలుపు ఎట్లా వంగాలో మన పిల్లలు ఇక్కడ కంప్యూటర్ మీద లెక్కలు కడుతున్నారు. అక్కడి నుంచి ఇరవై కిలోమీటర్లు కూడా లేని పాతబస్తీలో, రాణీగంజ్‌లో, ఆ లెక్కను చేతి వేళ్లతో చేసే ఉస్తాద్‌లు ఉన్నారు. ఈ ఇద్దరూ కలిసి ఒక బండి కడితే దాన్ని రిజిస్టర్ చేయడానికి మన దగ్గర ఫారం లేదు. నేను ఊరికే అనడం లేదు. మా భాంజా ఉస్తాద్ చెప్పిందంతా ఒక తెల్ల కాగితం మీద రాసుకుని, బండిని పరీక్ష చేసి ఉన్నదున్నట్టు రాసుకోండి అని ఒక ఆఫీసుకు వెళ్లాడు. కౌంటర్‌లో ఉన్నతను మర్యాదగానే మాట్లాడాడట. "బాబూ, నువ్వు చెప్పేది అర్థమైంది. కానీ దేని కింద తీసుకోవాలి? ఏ ఫారం?" అని అడిగాడట. వీడి దగ్గర జవాబు లేదు.

దారి తెరవడం అసాధ్యమేమీ కాదు. మన ఖానూన్‌లోనే కిటికీలు ఉన్నాయి. లారీల సంగతి తీసుకోండి. కంపెనీ చాసిస్ ఇస్తుంది, విజయవాడ ఆటోనగర్‌లాంటి చోట్ల బాడీ కడతారు. దానికి ఫారం 22-ఎ ఉంది. అందులో కంపెనీ వాటా కంపెనీ రాస్తుంది, బాడీ కట్టినవాడి వాటా వాడు రాస్తాడు. మిలటరీ వేలంలో కొన్న బండికి, వేలం వేసిన శాఖ ఇచ్చే ఫారం 21 అమ్మకపు కాగితంతో రిజిస్ట్రేషన్ ఉంది. సీఎన్‌జీకి, బ్యాటరీకి మార్చుకోవడానికి ఆమోదించిన కిట్లున్నాయి. పాత ఆటోల్ని బ్యాటరీకి మార్చుకుంటే కొంత సాయం చేస్తామని తెలంగాణ ప్రభుత్వమే 2020 ఎలక్ట్రిక్ వాహనాల పాలసీలో రాసింది. దివ్యాంగుల కోసం బండిని మార్చుకునే హక్ 2019 సవరణలో ఇచ్చారు. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండ్లకు 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ వచ్చింది. నంబర్‌లో వీఏ అక్షరాలు, 20,000 రూపాయల ఫీజు, రోజువారీ తిరుగుడుకు అనుమతి లేదు. ఇన్ని కిటికీలు తెరిచినవాళ్లు ఇంకొకటి తెరవలేరా?

బ్రిటన్‌లో చాలా ఏళ్లుగా నడిచిన ఒక పద్ధతి నాకు నచ్చింది. అక్కడ బాగా మార్చిన బండికి మార్కులు వేసేవాళ్లు. అసలు చాసిస్ ఉంటే 5, సస్పెన్షన్‌కు 2, యాక్సిళ్లకు 2, గేర్‌బాక్సు వగైరాకు 2, స్టీరింగ్‌కు 2, ఇంజన్‌కు 1. మొత్తం 8 మార్కులు వస్తే పాత నంబర్ ఉండేది. రాకపోతే ఆ ఒక్క బండినే విడిగా పరీక్షకు పెట్టి, పాసైతే క్యూ అనే అక్షరంతో మొదలయ్యే నంబర్ ఇచ్చేవాళ్లు. క్యూ అంటే ఈ బండి వయసు, పుట్టుక పక్కాగా తెలియదు అని అందరికీ తెలుస్తుంది. దాంట్లో అవమానం లేదు, ధోకా కూడా లేదు. ఇంజన్‌కు ఒక్క మార్కే, చాసిస్‌కు అయిదు అన్నది గమనించండి. మా ఉస్తాద్ కూడా ఆ మాటే అంటాడు: "ఇంజన్ బదల్ సక్‌తే, హడ్డీ నక్కో బదలో."

మన దగ్గర నేను కోరేది పెద్ద కోరికేం కాదు. ఒకటి, ఒంటరి బండికి ఒంటరి పరీక్ష. బ్రేకులు, స్టీరింగ్, లైట్లు, పొగ, వెల్డింగ్ చూసి అవును, కాదు చెప్పే ఇంతెజామ్. రెండు, అలాంటి బండ్లకు వేరే నంబర్ వరస, ఏడాదికి ఇన్నే అని పరిమితి. మూడు, ఆర్సీలోనే డోనర్ బండి చాసిస్ నంబర్, ఇంజన్ ఎక్కడిది, కట్టిన కారీగర్ పేరు రాసే గడులు. ఈ మూడోది అన్నిటికన్నా ముఖ్యం. పేరు రాస్తే ఉస్తాద్ మీద జిమ్మేదారీ వస్తుంది, ఇజ్జత్ కూడా వస్తుంది. ఇవాళ మన మెకానిక్‌ల పని చీకట్లో జరిగే పని. పేరు రాసే గడి ఉంటే అదే పని వెలుతురులో జరుగుతుంది. దొంగకు భయం వెలుతురంటేనే, కారీగర్‌కు కాదు.

అది వచ్చేదాకా మనం చేయాల్సినది మనం చేయాలి. ఇంట్లో పిల్లలు పాత జీపో, వింత కారో కొంటామని వస్తే ఈ ఎహతియాత్ తీసుకోండి. పైసలివ్వకముందు ఆర్సీలోని చాసిస్, ఇంజన్ నంబర్లను బండి మీద వాటితో మీ కళ్లతో పోల్చండి. ఇప్పటి బండ్లలో చాసిస్ నంబర్ 17 అక్షరాలు, అంకెలు కలిసి ఉంటుంది. మొదటి మూడు తయారీదారుని చెబుతాయి. ఎంఏ3 అంటే మారుతి, ఎంఏటీ అంటే టాటా. పాత జీపులకు ఇంత పొడుగు ఉండదు, కాబట్టి అక్కడ పంచింగ్ ఎట్లా ఉందో చూడాలి. అంకెల చుట్టూ గ్రైండర్ గీతలు, అతుకు, మందమైన రంగు ఉంటే అక్కడే సలామ్ చెప్పి వచ్చేయండి. ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొట్టి తయారీ సంవత్సరం, ఇంధనం, బండి రకం చూడండి. అసలు యుద్ధం నాటి బండి అంటే గవాహీ అడగండి. ఫోర్డ్ కంపెనీ చేసిన యుద్ధం జీపుల్లో బోల్టుల మీద కూడా ఎఫ్ అక్షరం ఉండేది. అంత చిన్న గవాహీ కూడా చూపించలేనివాడు పెద్ద కథ చెబితే నమ్మకండి. అన్నిటికన్నా ముందు, తెలిసిన ఉస్తాద్‌ని వెంట తీసుకెళ్లండి. ఆయనకు ఇచ్చే వెయ్యి రూపాయలు ఖర్చు కాదు.

ఇక మా భాంజా సంగతి. వాడి దోస్తులు ఒక మష్వరా ఇచ్చారు: "యార్, ఆన్‌లైన్‌లో పెట్టెయ్. విల్లీస్ అని రాస్తే రెండు రోజుల్లో ఎవడో ఒకడు కొంటాడు, నీ పైసలు నీకొస్తాయి." వాడు ఊగిసలాడాడు. ఉమ్రా పైసలు కదా. ఆ రాత్రి మా ఆపా వాడితో అన్న మాట నేను విన్నాను. "బేటా, ఐబ్ తెలిసి దాచి అమ్మిన పైసలతో నన్ను మక్కా తీసుకెళ్తావా? నాకొద్దు. నేను ఇంట్లోనే ఉంటా." అంతే, వాడు ఇంకేమీ మాట్లాడలేదు. వకీలు దోస్తు ఒకరిని అడిగి, నంబర్ మీద షక్ ఉందని పోలీస్ స్టేషన్‌లో రాసిచ్చాడు. అమ్మినవాడి మీద కేసు నడుస్తుందో లేదో, పైసలు ఎప్పుడొస్తాయో అల్లాకే ఎరుక. జీపు ఇప్పుడు రోడ్డెక్కడం లేదు.

ఇరవై ఆరేళ్ల పిల్లగాడు ఒక తప్పు చేసి, దాన్ని ఇంకొకరి నెత్తిన రుద్దకుండా నిలబడ్డాడు. వాడి వంతు నిజం వాడు చెప్పాడు. ఇప్పుడు అడగాల్సింది సర్కారును. ఈ చదివేవాళ్లలో రవాణా శాఖలో పనిచేసేవాళ్లున్నారు, వకీళ్లున్నారు, ఆ హైటెక్ సిటీ ఆఫీసుల్లో బండ్ల లెక్కలు కట్టే ఇంజనీర్లున్నారు. మీ చేతిలో ఉన్నంత మేరకు ఈ మాట పైకి తీసుకెళ్లండి. కౌంటర్ ముందు నిలబడి నిజం చెప్పే మనిషికి "ఏ ఫారం?" అన్న సవాలు ఎదురు కాకూడదు.

వాడిప్పుడు ప్రతి ఆదివారం ఉస్తాద్ దగ్గరికి వెళ్లి వెల్డింగ్ నేర్చుకుంటున్నాడు. మొన్న వాడి చేతి మీద చిన్న కాలిన మచ్చ చూసి మా ఆపా కంగారు పడింది. ఉస్తాద్ ఫోన్‌లో నవ్వుతూ అన్నాడట: "ఘబ్రావ్ నక్కో బీబీ, ఇంజనీర్ అయ్యాడు గాని ఇప్పుడే పని నేరుస్తున్నాడు."

ఖుదా హాఫిజ్.